కుడికి మళ్లని హిల్మన్

చిలకలగూడ చౌరస్తా దాటి రైల్వే క్వార్టర్ల వైపు వెళ్తుంటే, గోడకు ఆనించిన పాత బంపర్ల మధ్య కనిపించే రేకుల షెడ్డు బ్రహ్మచారిది. పేరుకు బ్రహ్మచారే గాని ఆయనకు భార్య ఉంది, పెళ్లిళ్లయిన కొడుకులున్నారు. ఆయన పుట్టిన కమ్మరి కులంలో ఆ పేరు మామూలే కనుక ఎవరూ నవ్వరు. నవ్వుకోవడానికి ఆయన దగ్గర వేరే సంగతి ఉండేది. యాభై దాటిన ఆ మనిషి నోట "నాతోని కాదు" అన్న మాట అప్పటిదాకా ఎవరూ వినలేదు.

ఏ బండి ఏ రోగంతో వచ్చినా, ఒక చెయ్యి నడుము మీద పెట్టి, బండి వైపు కాక బండి తెచ్చినవాడి వైపు చూసి "ఐతది" అనేవాడు. వంగిన చాసిస్ తెచ్చినా ఐతది, వరదలో మునిగిన మోటారు తెచ్చినా ఐతది. ఒకసారి ఎదురుగా ఉండే టైలరు మొహమాటపడుతూ ఆగిపోయిన గోడ గడియారం తెస్తే దానికీ ఐతదన్నాడు. ఆ టైలరు దుకాణం ఎత్తేసి బన్సీలాల్‌పేట్ వెళ్లిపోయాడు, గడియారం మాత్రం షెడ్డులో మేకుకు వేలాడుతూనే ఉంది. పని రాక కాదు. చేతిలో పనితనం నిజంగానే ఉంది. కాకపోతే అది ఆయన నోటికన్నా బాగా వెనకగా నడిచేది.

ఇంట్లోనూ ఇదే వరస. వంటింటి నల్ల, అంటే కుళాయి, కారడం ఎప్పుడు మొదలైందో భార్య కమలాబాయికి గుర్తు లేదు. మొదట్లో దాని కింద గిన్నె పెట్టింది, తర్వాత బిందె పెట్టింది. ఎప్పుడు అడిగినా ఆయన "ఐతది, ఈ ఐతారం చూస్త" అనేవాడు. పోనీ ప్లంబర్ని పిలుద్దామంటే, "బ్రహ్మచారి ఇంట్ల నల్లకు బయిటోడు రావాల్నా? బస్తీల తల ఎట్ల ఎత్తుకోవాలె?" అనేవాడు. ఆ చుక్కల చప్పుడుకు కమలాబాయి ఎంత అలవాటు పడిందంటే, నీళ్లు రాని రోజు ఆమెకు నిద్ర పట్టేది కాదు.

ఇటువంటి మనిషి దగ్గరికి మేబెల్ టీచరు తన హిల్మన్ కారును తోయించుకుని వచ్చింది. రాష్ట్రంలో మద్యం బంద్ చేసిన ఏడాది అది. మేబెల్ సీతాఫల్‌మండిలో ఉండేది, మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేది. రైల్వే గార్డుగా చేసిన ఆమె తండ్రి, దేశం వదిలి వెళ్తున్న ఒక దొర దగ్గర ఆ కారు కొన్నాడు. ఆయన పోయాక కారూ, దాన్ని నడిపే సరదా రెండూ ఆమెకే మిగిలాయి. వాళ్ల సంఘంలో ఏ పిల్లకు పెళ్లి జరిగినా, ఆ బూడిదరంగు హిల్మన్‌కు తెల్ల రిబ్బను కట్టి, స్వయంగా నడుపుకుంటూ మేబెలే పెళ్లికూతురిని చర్చికి చేర్చేది.

ఆ ప్రయాణానికి ఒక కట్టుబాటు ఉండేది. పెళ్లికూతురు ఎక్కి కూర్చున్నాక కారు ఒక్క అడుగు కూడా వెనక్కి వెళ్లకూడదు. వెళ్తే ఆ పిల్ల పుట్టింటికి తిరిగొచ్చేస్తుందని పెద్దవాళ్లు అనేవారు. శకునాలు చూడడం పాపమని ఆదివారం ప్రసంగం విని తల ఊపినవాళ్లే, శనివారం పెళ్లిలో మేబెల్ చెయ్యి ఏ గేరు మీదికి పోతుందోనని మెడలు చాచి చూసేవారు. మేబెల్ క్లాసులో మూఢనమ్మకాల మీద గంటసేపు మాట్లాడగలదు. అయినా ముప్పై ఏళ్లుగా, పెళ్లికూతురు వెనక సీట్లో ఉండగా రివర్సు గేరు వేసిన పాపాన పోలేదు.

ఇప్పుడు పెళ్లి మేబెల్‌దే. యాభై నాలుగేళ్లకు ఆమెకు సంబంధం కుదిరింది. చర్చి కోయిర్‌లో ఆమె వెనక వరసలో నిలబడి పాడే జ్ఞానశేఖర్ గారు భార్య పోయిన మనిషి, రైల్వే అకౌంట్స్‌లో రిటైరయ్యారు. ఒక సాయంత్రం గొడుగు మరిచిపోయానన్న వంకతో వెనక్కి వచ్చి అడిగారు. ఆమె ఆ గొడుగు చేతికిచ్చి, సరేనంది. పెళ్లి రోజు ఖాయమైన వారంలోనే హిల్మన్ ఇంజన్ పగిలింది.

"చూడు బ్రహ్మచారీ," అంది మేబెల్. "ఇన్నేళ్లు అందరి పిల్లల్నీ ఈ కార్లోనే తీసుకెళ్లాను. నా పెళ్లికి నేనే నడుపుకుంటూ వెళ్లాలని నా ఆశ. పెళ్లి దసరా తర్వాతొచ్చే శనివారం. అప్పటికి అవుతుందా, అవదా? అవదంటే ఇప్పుడే చెప్పు, ఏమీ అనుకోను. టాక్సీ మాట్లాడుకుంటాను."

"టాక్సీ ఎందుకు టీచరమ్మా. ఐతది."

"కాస్త ఆలోచించి చెప్పు."

"ఆలోచించేటందుకు ఏమున్నది? మీ బండి మీరే తోలుకపోతరు. నా మాట."

పాత ఇంజన్‌కు సామాను దొరికే రోజులు ఎప్పుడో పోయాయి కనుక ఇంజనే మార్చాలి. జంగయ్య తుక్కు దుకాణంలో, బోల్తా పడిన ఒక జపాను వ్యాను ఇంజన్ దొరికింది. బ్రహ్మచారి దాన్ని గొలుసు కప్పీతో ఎత్తి హిల్మన్ పొట్టలోకి దింపాడు. గేరు పెట్టెతో జత కలిపే పలక తనే కోశాడు, కింద రబ్బర్లు తనే అమర్చాడు. అంతవరకు అంతా సాఫీగా జరిగింది. చిక్కంతా పొగ దగ్గర వచ్చింది. హిల్మన్ పాత ఇంజన్ పొగ ఎడమ పక్క నుంచి వదిలేది, ఈ కొత్తది కుడి పక్క నుంచి వదులుతుంది. కుడి పక్కనే స్టీరింగ్ పెట్టె ఉంది. వ్యానుతో పాటు వచ్చిన మానిఫోల్డు, అంటే పొగను బయటికి పంపే బీడు ఇనుప దిమ్మ, ఎటు తిప్పి పెట్టినా ఆ పెట్టెకు అడ్డం తగిలింది.

వేరే మెకానిక్ అయితే ఇక్కడ చేతులెత్తేసేవాడు. బ్రహ్మచారికి గోడ మీది బొమ్మ గుర్తొచ్చింది. ఎవరో పారేసిన విదేశీ పత్రికలోంచి చింపి అతికించిన పందెం కారు బొమ్మ అది. దాని ఇంజన్‌కు మానిఫోల్డు బదులు నాలుగు సన్నటి గొట్టాలు మెలికలు తిరిగి, కింద ఒక చోట కలిసిపోయి ఉంటాయి. బీడుకు సందు దొరకని చోట గొట్టానికి దొరుకుతుంది. మధ్యాహ్నం సద్దిడబ్బా తెచ్చిన కమలాబాయి ఆ బొమ్మను చూసింది.

"గిదేంది, పేగులు బయిట పడ్డట్టున్నయ్?"

"హెడ్డర్ అంటరు దీన్ని. ఈ సికింద్రాబాద్‌ల ఎవ్వనికి తెల్వది."

"నీకు తెల్సా?"

"ఐతది," అన్నాడు బ్రహ్మచారి.

ఇంతలో దసరా వచ్చి పడింది. ఆయుధ పూజకు షెడ్డులో సుత్తెలు, పానాలు, గ్యాసు మంట గొట్టం అన్నీ కడిగి, కుంకుమ పెట్టి, పీట మీద పేర్చాడు. వాటిని దసరా వెళ్లిన మరునాటి దాకా ముట్టుకోకూడదు. షెడ్డులో ఉన్న బండ్లన్నిటికీ వరసగా బొట్లు పెట్టి, స్టీరింగులకు మామిడాకులతో పసుపు దారాలు కట్టాడు. హిల్మన్ క్రైస్తవుల బండి కదా అని ఒక్క క్షణం ఆగాడు గాని, షెడ్డులో ఉన్నన్నాళ్లు అది తన ఇంటి బిడ్డే అనుకుని దానికీ కట్టాడు. చక్రాలు సూటిగా ఉన్నప్పుడు కట్టిన ఆ దారం, మళ్లీ బండి రోడ్డెక్కే రోజు నిమ్మకాయలు తొక్కించినప్పుడే విప్పాలి. అప్పటిదాకా స్టీరింగ్ కదపడం అపచారం.

శనివారం తరుముకొస్తోంది. పనిముట్లు చూస్తే దేవుడి దగ్గర ఉన్నాయి. బ్రహ్మచారి తన తెలివికి తనే మురిసిపోతూ ఒక ఉపాయం పన్నాడు. కొలత తీసుకోవడానికి పనిముట్టు ఎందుకు? దొడ్డు తీగ ఒకటి తీసుకుని వట్టి చేతులతో వంచుతూ, ఇంజన్ నుంచి స్టీరింగ్ పెట్టె పక్కగా కిందికి దించి, ఒక్కో గొట్టం ఎలా వంగాలో తీగలతోనే అచ్చు తీసుకున్నాడు. అమ్మవారికి అపచారం జరగలేదు, టీచరమ్మకు ఆలస్యం జరగలేదు. ఇద్దరు ఆడవాళ్లను ఒకేసారి మెప్పించానని ఆ రాత్రి కమలాబాయి దగ్గర గొప్పలు పోయాడు.

పండుగ వెళ్లాక గొట్టాల పని షురూ అయింది. ఆ పని చూసి తీరవలసిందే. గొట్టం నిండా ఎండిన ఇసుక కూరి, రెండు మూతులూ బిగించి, మంటతో ఎర్రగా కాల్చి, తీగ అచ్చుకు సరిపోయేలా మెల్లగా వంచేవాడు. లోపల ఇసుక ఉంటే గొట్టం నొక్కుకుపోకుండా గుండ్రంగా వంగుతుంది. ఆ సమయంలో బ్రహ్మచారి నోరు మూతపడేది, అందుకే పని బాగా వచ్చేది. నాలుగు గొట్టాలనూ ఒక పలకకు వెల్డింగ్ చేసి, అడుగున ఒక దగ్గర కలిపి ఇంజన్‌కు బిగించాడు. స్టీరింగ్ పెట్టెకూ గొట్టాలకూ మధ్య వేలు దూరేంత సందు మిగిలింది. ఇంజన్ స్టార్టు చేస్తే కడుపు నిండిన పిల్లి గురకలాగా చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు విని ఆయనకు నిజంగానే కళ్లు చెమర్చాయి.

పెళ్లికి ముందురోజు పొద్దున కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, పసుపు దారం విప్పి హిల్మన్‌ను రోడ్డెక్కించాడు. ఎడమకు తిప్పాడు, వెన్నలా తిరిగింది. ఇంకోసారి ఎడమకు తిప్పాడు. మెట్టుగూడ పోయే దారిలో కుడికి తిప్పబోతే స్టీరింగ్ సగం దాకా వచ్చి ఠక్కున ఆగింది. వెనక బస్సువాడు హారన్ మోత మొదలుపెట్టాడు. బ్రహ్మచారి ఎడమకే తిప్పుకుని, మళ్లీ ఎడమకు, మళ్లీ ఎడమకు పోయి, బయల్దేరిన చోటికే వచ్చి ఆగాడు.

మూత ఎత్తి చూస్తే సంగతి తేలిపోయింది. స్టీరింగ్ పెట్టె కింద చక్రాలను తిప్పే ఇనప చెయ్యి ఒకటుంటుంది. స్టీరింగ్ కుడికి పోయినప్పుడు ఆ చెయ్యి జరిగి, సరిగ్గా నాలుగు గొట్టాలు కలిసే చోట తగులుతోంది. కొలత తీసినప్పుడు చక్రాలు సూటిగా ఉన్నాయి, దారం ఉంది కనుక తిప్పి చూడలేదు. బ్రహ్మచారి అమ్మవారి మీద కోపం తెచ్చుకునే ధైర్యం లేక, దారం అమ్మిన కొట్టువాడి మీద కోపం తెచ్చుకున్నాడు. సుత్తె తీసుకుని గొట్టానికి కొంచెం సొట్ట పెడితే స్టీరింగ్ ఇంకొంచెం కదిలింది. ఇంకో దెబ్బ వేస్తే వెల్డింగ్ విడిపోతుంది. కొత్తగా గొట్టాలు వంచడానికి ఆ పూట చాలదు.

మధ్యాహ్నం మేబెల్ వచ్చింది. ఇంజన్ చప్పుడు విని ఆమె ముఖం వెలిగిపోయింది. స్టీరింగ్ వైపు చెయ్యి చాచేసరికి బ్రహ్మచారి అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"ఇయ్యాల ముట్టకుండ్రి టీచరమ్మా. కొత్త ఇంజను, జెర సోచాయించి మెల్లగ తోలాలె. రేపు నేనే ఇంటికి తెస్త, మీ పక్కకే కూసుంట."

"అంతా బాగుంది కదా?"

"ఐతది."

"అవుతుందా అని కాదయ్యా, అయిందా అని అడుగుతున్నాను."

చెప్పేయడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. టాక్సీ మాట్లాడుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది. మాట గొంతు దాకా వచ్చింది కూడా. యాభై ఏళ్లుగా ఆ దారిన నడిచిన అలవాటు లేదు కనుక, అక్కడే ఆగిపోయి లోపలికి వెళ్లిపోయింది.

"అయింది," అన్నాడు.

ఆమె వెళ్లగానే స్కూటర్ తీసి, సీతాఫల్‌మండి నుంచి చర్చి దాకా వట్టి ఎడమ మలుపులతో దారి ఉందేమోనని వెతికాడు. ఉంది. పావుగంట దారికి రెండింతలు పడుతుంది గాని ఉంది. చర్చి సందులోకి అవతలి కొస నుంచి వస్తే గేటు కూడా ఎడమ చేతికే వస్తుంది. ఒక్కటే బాధ. ఎడమకే తిరుగుతూ పోవడమంటే గుడి చుట్టూ తప్పు వైపు ప్రదక్షిణ చేసినట్టు. పెళ్లికూతురిని అలా తిప్పవచ్చునా? వాళ్లకు ఆ పట్టింపు లేదులే అని సర్దిచెప్పుకుని, ఆ పాపం తన లెక్కలో పడకుండా ఉంటే చాలునని దండం పెట్టుకున్నాడు.

శనివారం మేబెల్ తెల్ల పట్టుచీర కట్టి, తల మీద ముసుగు వేసుకుని, కళ్లజోడు సర్దుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. పక్కన బ్రహ్మచారి ఇస్త్రీ చొక్కాలో. వెనక సీట్లో పూలగుత్తి పట్టుకుని ప్రేమమణి. ఆమె స్త్రీల సమాజానికి సెక్రటరీ, మేబెల్‌కు చిన్ననాటి స్నేహితురాలు, కారు వెనక్కి వెళ్లకూడదన్న కట్టుబాటుకు కావలి. ఒకప్పుడు ఆమె కూడా ఈ కార్లోనే పెళ్లికి వెళ్లింది. రెండేళ్లు తిరక్కుండానే భర్త నుంచి విడిపోయి పుట్టింటికి వచ్చేసింది. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

"ఎడమకు టీచరమ్మా," అన్నాడు బ్రహ్మచారి.

"చర్చి అటు కదా?"

"అటు మస్తు రష్షున్నది."

ఇంకో మలుపు వచ్చింది. మళ్లీ ఎడమకే అన్నాడు. ఆ తర్వాతదీ అంతే. ప్రేమమణి కిటికీలోంచి చూస్తూ, "ఈ ఇరానీ హోటలు ఇందాక కూడా చూసినట్టుందే," అంది. బ్రహ్మచారి వినిపించుకోలేదు. మేబెల్ ఏమీ అనలేదు గాని, ఓరకంట ఆయన్ని చూసింది. పరీక్ష హాల్లో పక్కవాడి కాగితం వైపు చూసే కుర్రవాణ్ని చూసే చూపు అది.

చర్చి సందు అవతలి కొసకు చేరుకున్నారు. నిన్న సాయంత్రం ఖాళీగా ఉన్న దారికి అడ్డంగా గోడ నుంచి గోడ దాకా షామియానా వేసి ఉంది. ఎవరింట్లోనో ఫంక్షను, రోడ్డు మీదే వంట. మేబెల్ అక్కడ ఆగకుండా సూటిగా పోయి, వరసగా ఎడమకే తిరుగుతూ చుట్టి వచ్చి, ఇవతలి కొస నుంచి సందులోకి వచ్చింది. ఇప్పుడు చర్చి గేటు కుడి పక్కన ఉంది. గంట మోగుతోంది. మెట్ల మీద సూటు వేసుకుని జ్ఞానశేఖర్ గారు, చుట్టూ సంఘమంతా నిలబడి ఉన్నారు.

మేబెల్ కుడికి తిప్పింది. ఠక్. కారు మూతి గేటు స్తంభం వైపు వంకరగా తిరిగి ఆగిపోయింది. ఇంకోసారి తిప్పింది. మళ్లీ ఠక్. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని పక్కకు చూసింది.

"బ్రహ్మచారీ, ఇది కుడికి మళ్లుతుందా, మళ్లదా?"

ఎదురుగా అంతమంది చూస్తున్నారు. ఆయన జీవితంలో ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

"మళ్లదు టీచరమ్మా," అన్నాడు. "నిన్ననే తెల్సింది. నాతోని కాదు అని చెప్పనీకె నోరు రాలే. తప్పయింది."

ప్రేమమణి పూలగుత్తి పక్కన పెట్టి, దిగి నడిచిపోదామంది. మేబెల్ తల అడ్డంగా ఊపింది. స్టీరింగ్‌ను ఎడమకు చివరిదాకా తిప్పింది. అలా తిప్పి వెనక్కి పోతే కారు మూతి కుడికి తిరుగుతుంది. నడిపేవాళ్లందరికీ తెలిసిన సంగతే అది. బ్రహ్మచారికి నిన్ననే తట్టింది కూడా. కాని పెళ్లికూతురు ఉండగా ఆ కారు వెనక్కి పోదన్న సంగతి సీతాఫల్‌మండిలో అందరికీ తెలుసు. ఆమె చెయ్యి గేరు మీద పడగానే ప్రేమమణి ముందుకు వంగింది.

"వద్దు మేబెల్. ఇన్నేళ్లకు దొరికిన సంబంధం. అందరూ చూస్తున్నారు."

"నిన్ను ముందుకే తీసుకొచ్చాను కదా ప్రేమా," అంది మేబెల్ మెల్లగా. "ఒక్క అడుగు కూడా వెనక్కి పోనివ్వలేదు."

ఆ మాట అన్నందుకు మేబెల్ కళ్లలోనే నీళ్లు తిరిగాయి. ప్రేమమణి కొంగు సర్దుకుని, వెనక అద్దంలోంచి సందులోకి తొంగి చూసింది.

"రానీ," అంది. "వెనక ఎవరూ లేరు. ఇంకా రానీ. చాలు."

హిల్మన్ వెనక్కి జరిగింది. దాని మూతి నెమ్మదిగా కుడికి తిరిగి, గేటుకు ఎదురుగా నిలబడింది. మెట్ల మీద ఎవరో పెద్దావిడ "అయ్యో ప్రభువా" అనడం లోపలికి వినిపించింది. శకునాలు నమ్మని ఆ సంఘమంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా, మేబెల్ సూటిగా గేటులోకి నడిపి, మెట్ల ముందు ఆపి, తనే తలుపు తీసుకుని దిగింది. జ్ఞానశేఖర్ గారు మాత్రం వెనక్కి జరిగిన సంగతి గమనించినట్టు లేరు. ఆయన ఆమెను తప్ప దేన్నీ చూడలేదు.

పెళ్లయ్యాక అందరూ కేకు తింటుంటే బ్రహ్మచారి ఆమె దగ్గరికి వచ్చి, గొట్టాలు కొత్తగా వంచి బిగిస్తానన్నాడు. ఎన్నాళ్లు పడుతుందో నిజం చెప్పమంది మేబెల్. ఆయన అలవాటు కొద్దీ నోరు తెరిచి, మూసి, "తెల్వదు టీచరమ్మా," అన్నాడు. అయితే తొందరేం లేదని ఆమె నవ్వింది.

సాయంత్రం ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కమలాబాయి చాయ్ తెచ్చిచ్చింది. లోపల బిందెలో చుక్కలు పడుతున్నాయి. ఆయన ఎంత పరేషాన్‌గా ఉన్నాడో చూసి ఏమీ అడగకూడదనుకుంది గాని, నోరు ఊరుకోలేదు.

"రేపు ఐతారం. నల్ల చూస్తవా?"

బ్రహ్మచారి చాయ్ కప్పు కింద పెట్టి, చాలాసేపు ఆ చప్పుడు విన్నాడు.

"నాతోని కాదు," అన్నాడు. "ప్లంబర్ని పిల్వు."

కమలాబాయి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, ఇంకేం మాట్లాడకుండా చెప్పులేసుకుని, ఆయన మనసు మారేలోపు ప్లంబర్ ఇంటికి బయల్దేరింది.